పదహారు మెట్లు

పాస్టరుగారు పలక మీద రాసి భార్య ముందుకు తోశారు. "రేపు వాక్యం చెప్పలేను. గొంతు పోయింది."

"డాక్టరు టార్చి వేసి చూసి అంతా బాగానే ఉందన్నాడుగా!" అంది ఆవిడ. "రేపు స్వస్థత కూడిక. ఎక్కడెక్కడి రోగులో వస్తున్నారు. ఇప్పుడు మూగనోము పడితే ఎలాగండీ?"

ఆయన గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపారు.

అంతలో మెట్ల మీద కర్ర చప్పుడు. మెట్టుకో మూలుగు. చర్చిలో ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు ఇస్త్రీ చేసి తెచ్చే పెద్దమ్మ. ఆమె మోకాలు పట్టేసి మూడేళ్లయింది. పోయిన ఆదివారం అందరి ముందూ ఆమె కోసం ప్రార్థించారు పాస్టరుగారు. నొప్పి తగ్గలేదని ఆమె ఉన్నమాట చెప్పేసరికి, "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అనేశారు. ఆమె మొహం పాలిపోయింది. ఆ మొహం గుర్తొచ్చి వారమంతా ఆయనకు ముద్ద దిగలేదు.

పెద్దమ్మ గుడ్డల మూట దించి, కర్ర గోడకి ఆనించి, స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"అయ్యగారికి మాట పడిపోయిందటగా. ప్రార్థన చేసి పోదామని వచ్చా."

ఆయన కంగారుగా పలక అందుకున్నారు. రాసింది అమ్మగారు చదివి వినిపించింది. "నీ మోకాలు ఎలా ఉంది?"

"ఎక్కడి నొప్పి అక్కడే." పెద్దమ్మ నవ్వింది. "నా విశ్వాసం చాల్లేదన్నారుగా. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ అదే ఆలోచించా. పక్షవాతం మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించారే, ప్రభువు చూసింది ఆ మోసినవాళ్ల విశ్వాసమేగా? మంచం మీద ఉన్నవాణ్ణి నీకెంతుందని అడగలేదుగా? నాకు చాలని విశ్వాసం మీకు సరిపోతుందేమో, చూద్దాం."

కాలిన మచ్చలున్న అరచెయ్యి ఆయన గొంతు మీద పెట్టి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈయన మాట ఈయనకిచ్చెయ్యి. నా కాలు సంగతి తర్వాత చూసుకుందాం."

పాస్టరుగారికి కళ్లనీళ్లు ఆగలేదు. నోరూ ఆగలేదు.

"ఆమెన్!" అన్నారు పైకే.

పెద్దమ్మ దిగ్గున లేచింది. "మాటొచ్చింది! అయ్యగారికి మాటొచ్చింది!" అని అరుస్తూ, వీధి వీధంతా చాటడానికి పరుగు తీసింది. పదహారు మెట్లూ దడదడా దిగిన చప్పుడు పైదాకా వినిపించింది.

"పెద్దమ్మా, నీ కర్ర!" అని కేకేసిన అమ్మగారు అక్కడే కొయ్యబారిపోయింది. కర్ర ఇంకా గోడకే ఆని ఉంది.

పాస్టరుగారు దాన్ని రెండు చేతులతో అందుకుని, భార్య మొహంలోకి చూడలేక తల దించుకున్నారు.

"నా గొంతుకసలు ఏమీ కాలేదే. రేపు ఇంకొకళ్లతోనూ విశ్వాసం చాల్లేదని అనలేక అబద్ధమాడాను."