మూల సీటు

"మోసం. పచ్చి మోసం." గిరి హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీదికి విసిరినాడు.

"మెల్లగప్పా," అన్నాడు సెంటర్ నడిపే సుభాన్ బాషా. "కోపమొచ్చి సామాను పగలగొట్టినోళ్లకు నా జట్టులో చోటుండదు. తెలుసు గదా?"

తిరుపతి బస్టాండు వెనక గేమింగ్ సెంటర్ అది. చెన్నై పోటీకి పొయ్యే జట్టులో మిగిలింది ఒకే చోటు. తుపాకుల ఆటలో గిరి, అఖ్సా తలపడాల, గెలిచినోళ్లది ఆ చోటు. గిరి అయితే చెన్నైకి బట్టలు గూడా సర్దేసుకున్నాడు. అఖ్సా వాణ్ణి చిత్తుగా ఓడించింది.

"నువ్వు సూడలేదా భాయ్? ఎగురుతానే ఉండాది. కాలు నేలకు తగలంగానే మళ్లీ దూకాల, రవ్వంత తప్పినా వేగం పడిపోతాది. ఒకసారీ రెండుసార్లూ అంటే సరే. ప్రతిసారీ మనిషికి కుదిరే పనేనా? దొంగ సాఫ్ట్‌వేర్ ఏసింది."

అఖ్సాకు ఒళ్లు మండింది. "నోరు అదుపులో పెట్టుకో అన్నా. నీకు చేతగాకుంటే అందరూ దొంగలేనా? ఎతకండి భాయ్. దొరికితే మళ్లీ ఈ గడప తొక్కను."

ఆ పిల్లకు మూల సీటే ఇయ్యాలని పొద్దున పట్టుబట్టింది గిరే. ఇప్పుడు ఎతికేది కూడా దగ్గరుండి చూసినాడు, మహానుభావుడు. సుభాన్ బాషా మౌస్ పట్టుకుని కంప్యూటరంతా గాలించినాడు. అఖ్సా కీబోర్డు మీద చేతులు పెట్టుకుని పళ్లు నూరుకుంటా కూర్చునింది.

"ఏమీ లేదప్పా. ఆట సుద్ధంగా ఆడింది."

గిరికి ఇంకా రేగింది. "ఏమీ లేదా? దూకాలంటే నొక్కాల్సింది స్పేస్ బార్. అదే లేని కీబోర్డు మీద ఎట్ల దూకిందో అడుగు మరి."

అఖ్సా చేతులు పక్కకు తీసింది. కీబోర్డు కింది వరసలో పొడుగు మీట ఉండాల్సిన చోటు బోడిగా ఉండాది.

"జంప్‌ను మౌస్ చక్రానికి మార్చుకోని ఆడినా అన్నా. ఒక్క తిప్పుకు పదిసార్లు నొక్కినట్టు, ఏదో ఒకటి సమయానికి తగులుతాది," అనింది అఖ్సా. "ఈడ కూర్చునేదాకా ఇది ఊడిందని నాకే తెలీదు, భాయ్‌కీ తెలీదు. నీకెట్ల తెలుసు?"