ఆగని వేలు

ఆఫీసులో మౌస్ ఒక్క నిమిషం నొక్కకపోతే చాలు, తెరమీద పచ్చచుక్క ఎర్రబడుతుంది. రోజులో మూడుసార్లు ఎర్రబడితే మేనేజరు గదిలోకి పిలుపు. అందుకే ఆ డేటా ఎంట్రీ గుమాస్తా మంచినీళ్లు తాగుతూ కూడా చూపుడువేలితో మౌస్ నొక్కుతూనే ఉండేవాడు. నెల తిరిగేసరికి ఆ వేలు ఇంట్లోనూ ఆగడం మానేసింది. రాత్రిళ్లు టక్, టక్‌మని మంచం పట్టెను కొడుతూనే ఉంది.

ఈ రాత్రి నిద్రపట్టక ఎడమచెయ్యి గుండెమీద వేసుకున్నాడు. ముందు వేలు టక్‌మంది. ఆ వెనకే గుండె కొట్టుకుంది. మళ్లీ వేలు, మళ్లీ గుండె. అనుమానమొచ్చి వేలు ముడిచి పిడికిలి బిగించాడు. గుండె ఆగింది. వేలికోసం ఎదురుచూస్తున్నట్టుగా ఆగింది. కళ్లు బైర్లు కమ్మేసరికి చటుక్కున పిడికిలి వదిలేశాడు. టక్. గుండె కొట్టుకుంది.

పక్కన భార్య ఇటు తిరిగింది.

"ఏంటండీ ఆ టకటకలు? ఆఫీసుని అక్కడే వదిలేసి రమ్మంటే వినరు కదా!"

నిద్రమత్తులోనే అతని వేలిని గుప్పిట్లోకి తీసుకుంది. ఆమెది ఉడుంపట్టు. వదలమనడానికి నోరు తెరిచాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

"హమ్మయ్య," అందామె, కళ్లు తెరవకుండానే. "ఇన్నాళ్లకి ఇల్లు ప్రశాంతంగా ఉంది."