అన్న జేబులోని బటన్

అన్న దశదినకర్మ అయ్యాక, సామాను సర్దడానికి నాన్నతో తార్నాకలోని అతని గదికి వచ్చాను. నాన్న నిద్రపోయాక అన్న ల్యాప్‌టాప్ తెరిచాను. యూనివర్సిటీ క్యాంపస్ వైపు రోడ్డు మీద చప్పుడు లేదు.

నా కోసం రాసిన ఉత్తరాలు అన్న సొంత వెబ్ పేజీలో ఉన్నాయి. లాగిన్ కావాలంటే తాళంచెవిలా పనిచేసే కీచైనంత పరికరం, హార్డ్‌వేర్ వాలెట్, ల్యాప్‌టాప్‌కి తగిలించి, దాని బటన్ నొక్కాలి.

"పాస్‌వర్డ్ దొంగిలిస్తరు గానీ, నా వేలు దొంగిలిస్తరా చెల్లె?" అని నవ్వేవాడు దయాకరన్న.

కొడుక్కి ఇష్టమైనదని, చితి మీద అమ్మ ఆ వాలెట్‌ని అతని జేబులోనే పెట్టింది.

బటన్ నొక్కమని తెర అడిగింది. తగిలించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

గదిలో ఎక్కడో టిక్ మంది. పేజీ తెరుచుకుంది. మొదటి ఉత్తరం పైన నా పేరుంది.

చదవలేదు. లాగౌట్ చేసి, మళ్లీ లాగిన్ పేజీ తెరిచాను.

"ఇంకొక్కసారి నొక్కవా అన్నా" అన్నాను.