పక్క పొలం తూము

“తూము ఎత్తావా?” అంది అత్తగారు, ముక్కుకి పెట్టిన గొట్టం కాస్త పక్కకి జరుపుకుని.

బీపీ చూస్తున్న నర్సు కోడలి వైపు జాలిగా చూసింది. “పెద్దావిడ ఏదో కలవరిస్తున్నారు. డాక్టరుగారికి చెప్పనా?”

“కలవరింత కాదండీ. గేమ్ గురించి అడుగుతున్నారు.”

కలవరింతే నయమన్నట్టు చూసి వెళ్లిపోయింది నర్సు.

అత్తగారికి ట్యాబ్‌లో ఓ పొలం ఉంది. ఆ ఆటలో తిరకాసు ఏమిటంటే, ఎవరి పొలానికి వాళ్లు నీళ్లు పెట్టుకోలేరు. పక్కవాళ్ల తూము మనం ఎత్తాలి, మన తూము వాళ్లెత్తాలి. మరిచిపోతే పైరు వాడిపోతుంది. అందులో అత్తగారి పేరు ‘దొరసాని’. పక్క పొలం ఆసామి పేరు ‘మొండిఘటం’. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, గొంతు విన్నది లేదు. రోజూ తూము ఎత్తి నాలుగు ముక్కలు టైపు చేసుకోవడమే.

“మొండిఘటం మనది ఎత్తాడా?”

“ఎత్తారు అత్తయ్యా. మీ దగ్గెలా ఉందని అడిగారు.”

“మెత్తబడ్డాడు పాపం. ఇదివరకైతే నా వంగతోటకి వంకలు పెట్టందే పూట గడిచేది కాదు. రెండేళ్ల కిందట గుండె నొప్పని నాలుగు రోజులు కనబడలేదు చూడు, అప్పట్నుంచీ ఏమన్నా ‘అలాగేనండీ’ అంటున్నాడు. జబ్బు చేస్తే గానీ మగాళ్లకి మర్యాద రాదు.” కాసేపు ఆయాసపడి మళ్లీ అంది. “అమ్మాయ్, నాకేమన్నా అయితే ఆయన పొలం ఎండనివ్వకు. ఒంటరివాడు.”

“మీకేం కాదు అత్తయ్యా.”

“నువ్వూ నర్సులా మాట్లాడకు.”

ఇంటికొచ్చేసరికి మొగుడు విమానం నడిపేవాడిలా పెద్ద కుర్చీలో, చెవులకి హెడ్‌సెట్‌తో ఉన్నాడు. తల్లి పొలం సంగతి చెబితే నవ్వాడు.

“అదీ ఒక ఆటేనా? కూర మాడకుండా చూసుకుంటూ ఆడేది. క్యాజువల్ అంటారు దాన్ని. హార్డ్‌కోర్ అంటే మాది. మధ్యలో లేస్తే టీమంతా మునిగిపోతుంది.”

“లేవకపోతే?”

“గెలుస్తాం.”

“నేనడిగింది కొంప సంగతి.”

హెడ్‌సెట్ మళ్లీ చెవులకెక్కింది.

ఆ వారంలోనే, ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు కూడా అతను ఆ కుర్చీలోనే ఉన్నాడు. “ఈ ఒక్క రౌండ్” అన్నాడు. వాళ్లు వెళ్లేసరికి దుప్పటి తలదాకా కప్పేసి ఉంది. ఆ రౌండ్ గెలిచాడో లేదో ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ తర్వాత ఆ కుర్చీలో ఆరిన బట్టలే కూర్చున్నాయి.

చుట్టాలంతా వచ్చి, ఏడ్చి, వెళ్లాక ఆమె ట్యాబ్ తెరిచింది. అత్తగారి పైరు పచ్చగా ఉంది. మొండిఘటం పైరే పసుపు తిరిగింది. కింద మెసేజ్.

‘దొరసానిగారూ, దగ్గు తగ్గిందా? నా పైరు పోతే పోయింది. మీరు కులాసాగా ఉంటే చాలు.’

ఆమె ఆయన తూము ఎత్తింది. ‘తగ్గింది’ అని కొట్టింది. అబద్ధమూ కాదు. దగ్గు తగ్గే ఉంది.

ఆపైన మధ్యాహ్నం గిన్నెలు సర్దుకుని పొలానికి వెళ్లడం అలవాటైంది. అత్తగారిలా ఎత్తిపొడవడం నేర్చుకుంది. అవతలాయన అన్నిటికీ అలాగేనండీ. ఓ రోజు మనసాగక, మొగుడి సంగతి అత్తగారు రాసినట్టే, ‘మా అబ్బాయి మాటా పలుకూ మానేశాడండీ’ అని రాసింది.

‘ఏమీ అడక్కండి. అన్నం పెట్టి పక్కన కూర్చోండి’ అని జవాబొచ్చింది.

కూర్చుంది. చాలా రోజులకి అతను మారు వడ్డించుకున్నాడు.

దాంతో ఆమెకి బెంగ మొదలైంది. పెద్దమనిషి, గుండె జబ్బు మనిషి, లేని మనిషిని నమ్ముకుని కష్టసుఖాలు పంచుకుంటున్నాడు. ఒక మధ్యాహ్నం మొగుడు ఆమె భుజం మీంచి తొంగిచూసి అంతా చదివేశాడు.

“అమ్మ పేరుతో రాస్తున్నావా?”

“చెబితే తట్టుకోలేరేమోనని.”

“మా ఆటలో ఒకరి పేరుతో ఇంకొకరు ఆడితే బయటికి గెంటేస్తారు.”

“మీది హార్డ్‌కోర్ కదా మరి.”

ఎప్పటిలా నవ్వలేదతను. “చెప్పెయ్. ఆలస్యమైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

ఆమె రాసింది. ‘అయ్యా, దొరసాని మా అత్తగారు. ఆవిడ పోయారు. ఇన్నాళ్లూ మీతో మాట్లాడింది నేను, కోడల్ని. మీ గుండె సంగతి తెలిసి చెప్పడానికి భయపడ్డాను. క్షమించండి.’

ఆ రోజు తూము లేవలేదు. మర్నాడూ లేవలేదు. వంగతోట తలలు వాల్చేసింది. ఆమె కూర పొయ్యి మీద మరిచిపోయి ట్యాబ్ ముందే కూర్చుంది. ఇల్లంతా మాడు వాసన.

“నేనే చంపేశానేమో” అంది.

మొగుడు పొయ్యి ఆర్పి వచ్చి పక్కన కూలబడ్డాడు. ఓదార్చే హక్కు తనకి లేదనుకున్నట్టున్నాడు. ఇద్దరూ ఎండిన పొలాన్ని చూస్తూ ఉండిపోయారు.

ఎంతసేపటికో తూము లేచింది. బీటలు వారిన కాలువలోకి నీళ్లు మెల్లగా పాకాయి. కింద ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది.

‘మొండిఘటం మా మామగారండీ, పోయి రెండేళ్లయింది.’