రెండు బ్రేకుల బండి

జాబేజ్ రెండు బ్రేకు కడ్డీలూ ఊడదీసి తుక్కులోకి విసిరేశాడు.

"ఒక్క బండికి రెండు బ్రేకులంట. అదీ చేత్తో లాగేవి. దేవుడు కాళ్లు ఎందుకిచ్చేడో ఇది కట్టినోడికి తెలీనట్టుంది."

పక్కనే టీ కాస్తున్న సన్యాసమ్మ నవ్వింది. బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ మాత్రం టీగ్లాసు పక్కన పెట్టి తుక్కు వైపు చూసింది.

చోడవరంలో జాబేజ్‌ది చిన్న కొట్టు. చేతిలో పనితనం బోలెడుంది. వచ్చే బేరాలు మాత్రం పంక్చర్లే.

అందుకే రావికమతంలో పాత ఇనుము కొనే సత్తిబాబు దగ్గర ఈ బుల్లి బగ్గీ కనబడగానే తూకం లెక్కన తెచ్చేసుకున్నాడు. నీళ్ల గొట్టాలతో వెల్డింగ్ చేసిన చట్రం, పాత ఆటో ఇంజను. దానికి బైకు షాకబ్జర్లు, తుక్కుకి పోయిన కారు సీటు, జీపువాళ్లు వదిలేసిన బండ టైర్లు బిగించాడు. కొత్తగా కొన్నది నారింజ రంగు డబ్బా ఒక్కటే.

ఆదివారం గోవాడ పక్క బీడు చేలో బురద పందెం. విశాఖ నుంచి కంపెనీ బగ్గీలు వస్తున్నాయి. వాటి మీద నెగ్గితే బగ్గీలు కట్టే పని తన కొట్టు వెతుక్కుంటూ వస్తుంది. ఓడితే తల నెరిసేదాకా పంక్చర్లే.

"బాబూ, ట్రాక్టరుకి బ్రేకు పెడళ్లు రెండుంటాయి. ఎందుకంటావు?" అంది పెద్దావిడ.

"నాది బగ్గీ అమ్మా. ట్రాక్టరు కాదు."

"ఆ తేడా బురదకి తెలీదు. ఒక చక్రం దిగబడి ఉత్తినే తిరుగుతాది. దాని బ్రేకొక్కటీ పట్టుకుంటే బలమంతా రెండో చక్రానికి పోతాది. అందుకే చక్రానికో బ్రేకుండాల."

"నేను పెట్టిన కాలి బ్రేకు ఇలాగొచ్చి సూడండి. ఒక్క తొక్కుకి రెండు చక్రాలూ ఆగుతాయి."

"ఇక్కణ్ణించే కనబడతంది బాబూ."

జాబేజ్‌కి ఒళ్లు మండింది. నాలుగు రోజులుగా చూస్తున్నాడు ఈవిడ దర్జా. తను కొట్టు తెరిచేసరికే రావికమతం నుంచి షేర్ ఆటోలో వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంటుంది. పేరు రాజ్యమట. పొలం అమ్ముకుంటోందట. దస్తావేజులు రాసే ఆయన సైతం కాగితాలు పట్టుకుని బెంచీ దగ్గరికే రావాలి. ఎవరొచ్చినా లేవదు.

శుక్రవారం ఆవిడే మళ్లీ పిలిచింది.

"బాబూ, ఓపాలి ఇంజను స్టార్ట్ సేసి వినిపించవా? రేపట్నుంచి నేను రాను."

"పనిలో ఉన్నానమ్మా. ఆదివారం గోవాడ రండి, సెవులారా విందురు గానీ."

రాజ్యం నవ్వింది. "సరే. ఆ చట్రం మాత్రం వంగదు. ధైర్యంగా తోలు" అంది.

జాబేజ్ వినీ విననట్టు బండి కింద దూరాడు.

శనివారం నీళ్లు పెట్టిన మడిలో బగ్గీ దింపాడు. పది గజాలు పోయిందో లేదో ఎడమ చక్రం దిగబడింది. ఎంత రేజు చేసినా అదొక్కటే గిర్రున తిరుగుతుంది, కుడిది కదలదు. కాలి బ్రేకు తొక్కితే రెండూ ఆగిపోతున్నాయి.

చివరికి ట్రాక్టరు కట్టి లాగించాల్సి వచ్చింది. మడి మలుపులో ట్రాక్టరాయన ఒక్క పెడలే తొక్కడం జాబేజ్ కళ్లారా చూశాడు.

కొట్టుకి వచ్చి తుక్కంతా తిరగేశాడు. కడ్డీలు రెండూ దొరికాయి. వాటి పిడులు ఎవరి చేతుల్లోనో అరిగి నున్నగా ఉన్నాయి. పొద్దువాలే లోపు మళ్లీ ఎక్కడివక్కడ బిగించాడు.

ఆదివారం ఆరాధన అవగానే గోవాడ వెళ్లాడు.

మూడో చుట్టులో కంపెనీ బగ్గీలు రెండూ పీకల్దాకా కూరుకుపోయాయి. జాబేజ్ ఎడమ చక్రం కూడా దిగబడింది. ఎడమ కడ్డీ లాగాడు. కుడి చక్రం నేలని పట్టింది. నారింజ బగ్గీ బురద చిమ్ముకుంటూ గట్టెక్కింది. చోడవరం జనం ఈలలతో చేలు దద్దరిల్లాయి.

పందెం పెట్టినాయన దగ్గరికొచ్చి అడిగాడు.

"ఈ బండి ఎవరు కట్టారు?"

"నేనే సార్. చోడవరం జాబేజ్."

ఆ మాట అన్నప్పుడు అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. తనకీ అలాంటివి రెండు కట్టిపెట్టమన్నాడు ఆ పెద్దమనిషి.

సోమవారం పొద్దున్నే కొట్టు తెరిచి, పందెంలో గెలిచిన కప్పు తెచ్చి సన్యాసమ్మ బెంచీ మీద పెట్టాడు. బెంచీ ఖాళీగా ఉంది. ఒక్కసారి ఇంజను వినిపించమంటే వినిపించలేదన్న సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

సత్తిబాబు వచ్చి భుజం తట్టాడు.

"ఊరి పేరు నిలబెట్టేవురా."

"రాజ్యమ్మగారు మీ ఊరే కదా మావా? ఆవిడికి ఈ కప్పు సూపించాల."

"నిన్ననే రైలెక్కించేసి వచ్చేను. సేను అమ్మేసి, రాజమండ్రిలో సెల్లెలి కాడికెళిపోయింది. ఇంక రాదు."

"అయ్యో. ముందు ఆవిడ్నే బగ్గీ ఎక్కించి ఊరంతా తిప్పుదామనుకున్నాను. ఇలాటి బండి తోల్తే ఎలాగుంటాదో ఆవిడికీ తెలిసేది."

సత్తిబాబు బగ్గీ కడ్డీ నున్నటి పిడి మీద చెయ్యి వేసి నిమిరాడు.

"ఆవిడికి నువ్వు తెలియజెప్పేదేటిరా? సిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పడిపోతే, తన సేలోకి తన్నెవులూ మొయ్యకూడదని ఈ బండి తనే వెల్డింగ్ సేసి కట్టుకుని, ఆ రెండు కడ్డీలూ పట్టుకుని పదకొండేళ్లు తోలింది ఆవిడే."