తాళం వేసిన పేజీలు

"నా కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యొద్దండీ శశాంక్ గారూ!" అంటూ నిఖిత కీబోర్డును తన వైపు లాక్కుంది.

యూఏఈలోని ఫుజైరా రేవులో ఓడలకు ఇంధనం నింపే కంపెనీ అది. శశాంక్ అక్కడ నెట్‌వర్క్ ఇంజనీరు. నిఖిత హెచ్‌ఆర్ పని చూస్తుంది. మేనేజరును అక్కడ అందరూ ముదీర్ అంటారు. ఆఫీసులో అన్ని కంప్యూటర్లలోనూ కొత్త సర్టిఫికెట్ ఎక్కించేశాడు శశాంక్. ఆమెదొక్కటే మిగిలింది.

"నేను పెట్టిన రూలా మేడమ్? ముదీర్ చెప్పిండు, చేస్తున్న."

"ఇదెక్కితే ఏమవుద్దో చెప్పండి ముందు."

శశాంక్ కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "బ్రౌజర్ల తాళం గుర్తున్న పేజీలుంటయి గద. ఇన్ని రోజులు మీరు ఏ సైట్‌కు పోయిన్రో మాకు తెలిసేది గానీ, లోపల ఏం చేసిన్రో తెల్వకపోయేది. రేపటి నుంచి మన ఫైర్‌వాల్ నడిమిట్ల ఆ తాళం తీసి, చూసి, మళ్ల మన తాళం ఏసి పంపుతది. మన తాళాన్ని మీ కంప్యూటర్ నమ్మాలంటే ఈ సర్టిఫికెట్ ఉండాలె. లేకుంటే ఏ పేజీ తెరిచినా ఎర్ర వార్నింగే."

"చూడ్డమంటే? నేను టైప్ చేసింది కూడానా?"

"అది కూడా."

"ఎవరు చూస్తారు?"

"రేపు టెస్టింగు గాబట్టి నేనొక్కణ్ణే. సోమవారం నుంచి అబుదాబీ హెడ్డాఫీసోళ్లు."

నిఖిత అద్దాల గదివైపు చూసింది. లోపల ముదీర్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"నా దగ్గర ఎవరికీ చెప్పకూడని సంగతులుంటాయండీ," అంది. "నోరు జారితే నా వీసా ఖలాస్. అలాంటిది, మీరొచ్చి నావన్నీ తెరిచి చూస్తానంటే ఎలా ఊరుకోమంటారు?"

ఆమె గొంతు పెరిగింది. పక్క టేబుళ్ల వాళ్లు తలలెత్తారు. ముదీర్ గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"క్యా తమాషా హై?" అన్నాడు. ఆయన మాట్లాడేదంతా హిందీయే, మధ్యమధ్య అరబ్బీ ముక్కలు. "యల్లా, కానీ కానీ, అతన్ని పని చేసుకోనివ్వు."

నిఖిత లేచి నిలబడింది. కీబోర్డును శశాంక్ వైపు తోసింది.

"కానివ్వండి. బాగా చదువుకోండి," అని విసురుగా టీ గదిలోకి వెళ్లిపోయింది.

శశాంక్‌కు తల కొట్టేసినట్టయింది. సర్టిఫికెట్ ఎక్కించి, లేచి నేరుగా ముదీర్ గదిలోకి వెళ్లాడు.

"సర్, బ్యాంకుల సైట్లు, ఆస్పత్రుల సైట్లు తెరవకుండా వదిలేద్దాం."

"ఏదీ వదలొద్దు."

"ఒకరి రోగాలూ రొష్టులూ మనకెందుకు సర్? రేపు ఎవరిదైనా బయటపడితే కంపెనీకే తలనొప్పి."

ముదీర్ కాసేపు పెన్ను ఆడించాడు. "ఠీక్ హై. ఆ రెండూ వదిలెయ్. మిగతావన్నీ తెరవాల్సిందే. సోమవారం ఈ పని అబుదాబీకి అప్పగించాలి. హెడ్డాఫీసు నీ పేరు అడుగుతోంది."

ఆ చివరి మాట శశాంక్ చెవిలో తేనె పోసినట్టుంది. ఈ మూల ఊళ్లో ఏమీ తోచడం లేదని, అబుదాబీకి బదిలీ అడగమని భార్య ఎన్నాళ్లుగానో పోరుతోంది. అడక్కుండానే వాళ్లే పిలిచేలా ఉన్నారు. ఇంటికెళ్లి ఆ మాట చెబితే ఆవిడ అప్పటికప్పుడే ఫోన్‌లో అక్కడి అద్దె ఇళ్లు వెతకడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే తనిఖీ ఆన్ చేశాడు. చేసీ చేయగానే ఓడల బుకింగ్ యాప్ మొరాయించింది. దానికి మన తాళం మీద నమ్మకం కుదరలేదు. దాన్ని కూడా వదిలేసే వాటిలో కలిపాడు. ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. ఎవరు ఏ పేజీ తెరిచారో, ఏం టైప్ చేశారో అతని తెర మీద వరుసగా పడసాగాయి.

ముదీర్ వచ్చి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. "ముందు ఆమెది తియ్యి."

"అనుమానం వచ్చినప్పుడు మాత్రమే చూడాలని కదా సర్ రూల్..."

"నిన్న అంత గొడవ చేసిందంటే ఏదో దాస్తోంది. తియ్యి."

శశాంక్‌కు చేతులు రాలేదు. అయినా తీశాడు. వీసా రుసుముల పేజీ, ఇన్సూరెన్స్ కంపెనీ పేజీ, కార్మిక చట్టాల పేజీ. అన్నీ ఆఫీసు పనులే. ముదీర్ ఆవలించాడు.

అంతలో పైన కొత్త వరుస పడింది. గూగుల్‌లో అప్పుడే ఏదో వెతికింది. తెలుగు అక్షరాలు.

శశాంక్ తలెత్తి చూశాడు. హాలుకు ఆ చివర నిఖిత చేతులు కట్టుకుని కూర్చుని తన కంప్యూటర్ వంకే చూస్తోంది. ఇటు తిరగడం లేదు.

"ఇదేం భాష?" ముదీర్ ముందుకు వంగాడు.

"తెలుగు సర్."

"ఏం వెతికింది?"

శశాంక్ ఆ వాక్యం చదివాడు. మళ్లీ చదివాడు.

"పెసరట్టు సర్," అన్నాడు. "పెసలు ఎంతసేపు నానబెట్టాలని."

ముదీర్ పగలబడి నవ్వాడు. "వంటా! ఈ మాత్రానికా అంత రభస?" శశాంక్ భుజం తట్టి, శాబాష్ అని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తెర మీద నిఖిత వెతికిన వాక్యం ఇంకా అలాగే ఉంది: "సోమవారం ఈ పని అబుదాబీకి అప్పగించగానే ఉద్యోగం ఊడబోతున్న శశాంక్ గారికి ఫుజైరాలో ఇంకో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?"