వైరస్‌లు రాని లాప్‌టాప్

“ఈ సిస్టమ్‌కి వైరస్‌లే రావని ఊదరగొట్టి అమ్మారమ్మా. తీరా కొన్నాక ఇదీ వరస!” అంటూ ఆ పెద్దాయన లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టాడు, పసిబిడ్డను పడుకోబెట్టినంత పదిలంగా.

ఆ రిపేరు షాపులో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. పొద్దుటి నుంచీ కీబోర్డులు విప్పి శుభ్రం చేస్తోంది. బిస్కట్ పొడి, గోళ్ల ముక్కలు, జిడ్డుకు అతుక్కున్న వెంట్రుకలు. ఎన్నేళ్లు గడిచినా మనుషుల మురికి ఆమెకు అలవాటు కాలేదు. ఈ లాప్‌టాప్ మాత్రం కడిగిన ముత్యంలా ఉంది.

“మీదేనా అండీ?”

“మా అమ్మాయిదమ్మా. ఉద్యోగంలో చేరినప్పుడు నేనే కొనిచ్చాను. మొన్నామధ్య కొత్త అప్‌డేట్ పడ్డప్పటి నుంచి సరిగ్గా పనిచెయ్యట్లేదు. వైరస్సేమోనని నా అనుమానం. తను ఇంటికొచ్చేలోగా పట్టుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టెయ్యాలి.”

కూతురికి చెప్పకుండా బాగుచేయించి పెడదామని కాబోలు. ఆ తండ్రి ముచ్చట చూసి ఆమెకు నవ్వొచ్చింది.

“అస్సలు రాకపోవడమంటూ ఏ సిస్టమ్‌కీ ఉండదు బాబాయ్ గారూ. కొన్నింటికి తలుపులు గట్టివి, అంతే. మనమే గొళ్లెం తీసి లోపలికి పిలిస్తే ఎంత గట్టి తలుపైతే ఏం లాభం?”

“అంతేలే తల్లీ,” అని ఆయన పాస్‌వర్డ్ చెప్పి, బెంచీ మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకోసాగాడు.

ఆమె వెతికింది. వైరస్ లేదు. ఇంకోసారి వెతికింది. అప్పుడు కనబడింది, ప్రింటరు తాలూకు ఫైలులా పేరు మార్చుకుని మూల నక్కిన ఒక ప్రోగ్రామ్. అది పోగేసిన సరుకంతా పక్కనే ఉంది. తెరిచింది.

ఆ పిల్ల టైపు చేసిన ప్రతి అక్షరమూ ఉంది. స్నేహితురాలితో చెప్పుకున్న గోడంతా ఉంది. ఆ తర్వాత ఫోటోలు. తెర మీది కెమెరా ఆ పిల్లకు తెలియకుండా తీసినవి. జడ వేసుకుంటూ, మంచం మీద బోర్లా పడుకుని, ఒకదాంట్లో వెక్కి వెక్కి ఏడుస్తూ.

డాక్టరమ్మ చటుక్కున మూసేసింది. లోపలికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. బొద్దింకలు పాకినట్టు ఒళ్లంతా ఒకటే జలదరింపు.

ఎవడో ఒకడు రోజూ తీరిగ్గా కూర్చుని, పళ్లు కుట్టుకుంటూ ఈ పిల్లను చూశాడు. థూ, వీడి బతుకు చెడ!

ఇలాంటివి గాల్లో ఎగిరి రావు. పాస్‌వర్డ్ తెలిసినవాడే దగ్గర కూర్చుని ఎక్కించి ఉండాలి. ఆఫీసులో పక్క సీటువాడో, ప్రేమ పేరుతో వెంట తిరుగుతున్నవాడో. అదృష్టం బాగుండి కొత్త అప్‌డేట్ వాడి కళ్లలో కారం కొట్టింది. ఆ రోజు నుంచి ఒక్క ఫోటో కూడా పడలేదు. ఆ పుణ్యం మాత్రం సిస్టమ్‌దే.

కానీ కన్నతండ్రికి ఈ మాట ఏ నోటితో చెప్పడం? ఆ ఫోటోల సంగతి వింటే మనిషి అక్కడికక్కడే కూలబడిపోడూ? చెప్పకుండా తుడిచేసి పంపితే, వాడు రేపు మళ్లీ ఎక్కించడని ఏముంది?

గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“బాబాయ్ గారూ, మనసు గట్టి చేసుకోండి. ఇది వైరస్ కాదు. ఎవడో దొంగచాటుగా మీ అమ్మాయిని చూస్తున్నాడు. ఇంట్లో ఉన్నప్పటి ఫోటోలు కూడా ఉన్నాయి. నేను అన్నీ చూడలేదు, మీరూ చూడకండి. పోలీసుల దగ్గరికి నేనూ వస్తాను, వాణ్ని వదలొద్దు. సాక్ష్యానికి నకలు తీసి, ఈ దరిద్రాన్ని ఒక్క నిమిషంలో పీకి పారేస్తాను.”

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. గబగబా లేచొచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“అయ్యయ్యో, తియ్యకు తల్లీ, అది నేను పెట్టుకున్నదే, మళ్లీ ఫోటోలు పడేలా చేసిస్తావనేగా నీ దగ్గరికి తెచ్చింది!”